గొంతుకి చేతులుండవు

లాడ్జింగు గది, ఫౌండ్రీ వెనక వీధి
ఆదివారం సాయంత్రం

నా గొంతుతో నేను అనని మాట అనిపించావు. ఎవడి చేత అనిపించావో ముందు అది చెప్పు. నువ్వెలా ఉన్నావు, నేనెలా ఉన్నాను అన్నవి తర్వాత.

మధ్యాహ్నం కాంటీన్ ఫోన్ దగ్గర క్యూ కట్టి, నా వెనక వెల్డరు "పెళ్ళి మాటలేం కాదుగా, తొందరగా కానియ్" అని సణుగుతుంటే నీకు ఫోన్ చేశాను. నువ్వెత్తలేదు, మెషిన్ ఎత్తింది. నేను ఇక్కడికి బయల్దేరే ముందు మన వంటింట్లో నిలబడి రికార్డు చేసిన ముక్కే వచ్చింది. "మేం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. పనిలో ఉన్నాం. మీరెవరో చెప్పి పెట్టెయ్యండి, నేనే ఫోన్ చేస్తాను." మధ్యలో నా దగ్గు. అది తీసేసి మళ్ళీ చేస్తానంటే నువ్వే వద్దన్నావు, దగ్గుంటేనే ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉంటుందన్నావు. అక్కడిదాకా బాగానే ఉంది.

ఆ తర్వాత బీప్ రావాలి. రాలేదు. నా గొంతే, కాస్త తగ్గించి, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు, "అక్క పడుకుంది. లేపను" అంది.

నేను ఆ మాట రికార్డు చెయ్యలేదు. ఒట్టు పెట్టమన్నా పెడతాను. బావ దగ్గర్నుంచి వచ్చేశాక, ఒక్కదానివే ఉన్నావని తెలిస్తే వాడు ఊరుకోడని, ఫోన్లో ఒక మగ గొంతుండాలని ఆ మెషిన్ తెచ్చిందే నువ్వు. దాన్ని నమ్ముకునే నేను ఇంత దూరం పనికొచ్చాను. ఇప్పుడు దాంట్లో ఇంకెవడో నాలాగా మాట్లాడుతున్నాడు. మీ పళ్ళ ల్యాబ్‌లో అందరి గొంతులూ దించేస్తాడన్నావే ఒకడు, వాడేనా? సరదాకి చేశారా? నాకు సరదాగా లేదు. ఫోన్ పెట్టేశాక నా మొహం చూసి వెల్డరు "ఎవరైనా పోయారేమిట్రా" అన్నాడు. నేనే ఎత్తాను, నాతో నేనే మాట్లాడి వచ్చాను అని చెప్పనా వాడికి?

ఎవడో రాయి. దాచావంటే తర్వాతి ఉత్తరం ఇంత మర్యాదగా ఉండదు.

తమ్ముడు


మన ఇల్లు, వంటింటి బల్ల

ఒరేయ్ పిడుగూ,

ఉత్తరం పెన్నుతో రాశావా, గ్రైండర్‌తో రాశావా? కాగితం రెండు చోట్ల చిరిగింది. నీ కోపం కవర్లోంచి బయటికి పొడుచుకొచ్చింది.

ఎవరూ ఏమీ చెయ్యలేదు. గొంతులు దించేవాడు ల్యాబ్ మానేసి చాలాకాలమైంది. నీ ఉత్తరం చదివి, బటన్ నొక్కి మళ్ళీ మళ్ళీ విన్నాను. నీ మాట, నీ దగ్గు, బీప్. అంతే. లైన్లు కలిసిపోయి ఉంటాయి. మొన్న నేను మాట్లాడుతుంటే ఎవరో ఇద్దరు ముసలాళ్ళు తలుపు బందుల గురించి పోట్లాడుకోవడం వినపడింది. నాకు నచ్చింది కూడా, మధ్యలో పెట్టెయ్యాలనిపించలేదు.

ఒక్క సంగతి మాత్రం నిజం. ఆ ఆదివారం నేను పడుకునే ఉన్నాను. ముందు గదిలో, ఫోన్ పక్కనే, చాప మీద. అది మోగడం నాకు వినపడలేదు. ఇది తట్టగానే ముందు మెషిన్ వైపు చూశాను. తర్వాత నవ్వొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం నేను పడుకుంటానని తెలియనిదెవరికి?

ఇంకోటి విను, నీ కోపం తగ్గుతుంది. బావ ఫోన్ చేశాడు. ఎప్పుడూ క్యాసెట్ అయిపోయేదాకా తిడతాడు కదా, ఈసారి ఒకటే ముక్క. "సరేలే బావమరిదీ, తర్వాత చేస్తాను." ఎవరో ఏదో అంటే దానికి జవాబు చెప్పినట్టు! ఆ గొంతులో మర్యాద వినడం పెళ్ళయ్యాక నాకిదే మొదలు. నీ గొంతు పనిచేస్తోందిరా. ఊరికే తిట్టుకోకు దాన్ని.

ల్యాబ్‌లో పని బాగానే ఉంది. ఒకాయన కొత్త పళ్ళ సెట్టుకి పాత దానిలాగే ముందు సందు ఉండాలని పట్టుబట్టాడు. సందు లేకపోతే ఆయన మనవరాలు గుర్తుపట్టదట. మైనంలో సందు కోశాను. నా బల్ల మీద ఎవరెవరి నోళ్ళో ప్లాస్టర్‌లో వరసగా ఉంటాయి, ఒక్కటీ ఎదురు మాట్లాడదు. నీకంటే నయం.

ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా? నేను కుట్టిన గ్లవ్ బొటనవేలు నిలిచిందా?

అక్క


కాంటీన్ బల్ల, షిఫ్టు దిగాక

అక్కా,

లైన్లు కలిస్తే ముసలాళ్ళు వినపడాలి. నేను వినపడకూడదు.

పాత ఇనుము కొట్టులో అదే రకం మెషిన్, పాడైపోయింది, అడిగి తెచ్చుకున్నాను. నాకెవరూ నేర్పలేదు, స్క్రూలు విప్పి చూస్తే అదే చెప్పింది. లోపల రెండు క్యాసెట్లు. ఒకటి మన మాట. రెండోది అవతలవాళ్ళ మాట. మన క్యాసెట్ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది, అంతే దాని బతుకు. దానికి చెవి లేదు, కన్ను లేదు. నువ్వు చాప మీద పడుకున్నావని దానికెవరు చెప్పారు?

పైగా నవ్వొచ్చిందంటావు. బావ నీకేం చేశాడో మర్చిపోయావా? పనికెళ్తూ బయట తాళం వేసి, గంట గంటకీ ఫోన్ చేసి "ఎక్కడికి, ఏం చేస్తున్నావు" అనేవాడు. ఎత్తడం ఆలస్యమైతే సాయంత్రం వచ్చి చెయ్యి పట్టుకుని, ఎర్రగా కందేదాకా వదిలేవాడు కాదు. "నీ మంచికే" అనేవాడు. వాడు ఫోన్లో మర్యాదగా మాట్లాడాడని నువ్వు మురిసిపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ మిల్లుకెళ్తూ మనల్ని లోపల పెట్టి ఏం చెప్పేది? "ఎవరది అని అడక్కండి, ప్రతివాడూ నేనే అంటాడు. చేతిలో ఏముంది అని అడగండి." పొద్దున వెళ్తూ అరచెయ్యి తెరిచి మనిద్దరికే చూపించేది. ఒకరోజు బొత్తాం, ఒకరోజు సుద్దముక్క, ఒకరోజు విరిగిన దువ్వెన పన్ను. సాయంత్రం అది చెప్తేనే గడియ తీసేవాళ్ళం. ఒకసారి పెదనాన్న వచ్చి "మిఠాయి" అంటే కూడా తియ్యలేదు. నువ్వు తలుపు సందులోంచి "అబద్ధం" అని అరిచావు. ఆయన చాలాకాలం మనతో మాట్లాడలేదు. చేతిలో నిజంగానే మిఠాయి ఉందట.

అలా పెరిగినదానివి, ఒక గొంతు వినపడితే మా తమ్ముడే అని ఎలా నమ్ముతున్నావు? నాది కాబట్టా? అదే కదా నేను చెప్పేది. నాది కాదు.

ఆ మెషిన్ తీసి అటక మీద పడెయ్. నాకు సెలవు దొరికాక వచ్చి కొత్తది చేస్తాను.

గొంతు బొంగురుపోయింది. దుమ్మంటున్నారు. "కొన్నాళ్ళు అరవకు, గ్రైండింగు షాపు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు మేస్త్రీ. గ్లవ్ బాగుంది. మిగతా వేళ్ళు చిరిగాయి కానీ నువ్వు ఎర్రదారంతో కుట్టిన బొటనవేలు అలాగే ఉంది.

తమ్ముడు


పళ్ళ ల్యాబ్, భోజనాల వేళ

పిడుగూ,

అటక మీద పెడదామనే తీశాను. మళ్ళీ దాని చోట పెట్టేశాను. ఎందుకో చెప్తాను, సగంలో కాగితం నలపకుండా చదువు.

నీ మాట కాదనలేక, పరీక్షగా ఉంటుందని ల్యాబ్ నుంచి మనింటికే ఫోన్ చేశాను. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు నేనే వేసుకొచ్చాను. నీ గొంతెత్తింది. మేం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం అంది, దగ్గింది. తర్వాత, "మబ్బు పట్టిందక్కా. గొడుగు తలుపు వెనకే మర్చిపోయావు. తొందరగా బయల్దేరు" అంది.

పక్కన ప్లాస్టర్ కలుపుతున్న అమ్మాయి "ఎవరండీ" అంటే మా తమ్ముడన్నాను. ఇంటికొచ్చి చూస్తే గొడుగు తలుపు వెనకే ఉంది. గడియ పెట్టానో లేదో వాన దంచేసింది.

ఇది ఒకటి. రెండోది బావ. మళ్ళీ చేశాడు. అవతలవాళ్ళ క్యాసెట్‌లో ఎప్పుడూ అవతలి మాటే కదా ఉండాలి, ఈసారి ఇద్దరి మాటలూ ఉన్నాయి. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ఏయ్, దాన్ని పిలువు."

"పిలవను."

"నువ్వు అక్కడ లేవని నాకు తెలుసురా. ఎక్కడో ఇనుము అరగదీస్తున్నావట."

"మరి నీతో మాట్లాడుతున్నదెవరు?"

ఆ తర్వాత ఉత్త గరగర, మళ్ళీ నీ గొంతే.

"ఇంకోసారి చేస్తే ఈ తీగ పట్టుకుని నీ దగ్గరికే వస్తాను."

బావ రిసీవర్ పెట్టిన చప్పుడు కాదురా అది, పారేసిన చప్పుడు. మళ్ళీ చెయ్యలేదు. ఆ రోజు కిటికీ తెరుచుకుని పడుకున్నాను. అలా పడుకుని ఎంతకాలమైందో నాకే గుర్తులేదు. పై ఇంటి పిన్నిగారు మెట్ల మీద ఆపి, "మీ తమ్ముడొచ్చాడేమిటమ్మా, మాటలు వినిపిస్తున్నాయి" అన్నారు. అవునండీ అన్నాను. అబద్ధమాడినట్టు అనిపించలేదు.

నువ్వు వెళ్ళిపోయావు. తప్పనడం లేదు, పని కదా. కానీ నువ్వెళ్ళాక కూడా ఇంట్లో ఉన్నది అదేరా. నేను వచ్చేసరికి ఎర్ర దీపం వెలిగి ఉంటుంది, ఎవరో మేలుకుని ఎదురుచూస్తున్నట్టు. దాన్ని అటక మీద పడెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

కోప్పడకు. గొంతుకి కషాయం ఏదైనా తాగు.

అక్క


ఫౌండ్రీ డాక్టరు గది బయట బెంచీ

అక్కా,

నా గొంతు పోయింది.

మాటవరసకి అనడం లేదు. పొద్దున లేచి వెల్డర్ని పిలుద్దామని నోరు తెరిచాను, ఊపిరి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు టార్చి వేసి చూశాడు. వాపు లేదు, పుండు లేదు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయన్నాడు. "మరి మాటేదయ్యా" అని వెల్డరు నా తరఫున పోట్లాడాడు. షాపులో చేతి సైగలతో నెట్టుకొస్తున్నాను. గ్రైండర్ల రోదలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు కనక పనికేం లోటు లేదు. అందరికీ హాయిగా ఉంది. నన్ను చూసి దండం పెట్టి "స్వామీ, మౌనవ్రతమా" అంటున్నారు. తిట్టడానికి గొంతు లేదు. ఒకణ్ణి తన్నాను.

నిన్న నీకు ఫోన్ చేశాను. మాట్లాడలేనని తెలిసే చేశాను, నువ్వెత్తితే నీ మాట విందామని. నువ్వెత్తలేదు. మేం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం అన్నది లేదు, దగ్గు లేదు. ఎత్తడం ఎత్తడమే, "ఎవరది?" అంది.

నా గొంతు. బొంగురు లేదు, దుమ్ము లేదు. నేను ఊళ్ళో ఉన్నప్పటి గొంతు.

ఉన్న ఊపిరంతా కూడదీసుకుని "నేను" అన్నాను.

"నేనిక్కడే ఉన్నానే" అంది. నవ్వింది. పెట్టేసింది.

నా నవ్వే అది. నేను నవ్వేటప్పుడు చివర ముక్కుతో ఊపిరి పీలుస్తానని నువ్వు వెక్కిరిస్తావు చూడు, అది కూడా ఉంది.

నువ్వు గొడుగనీ వాననీ ఇంకో మాట రాయకు. ఇవాళే దాని ముందు నిలబడి అమ్మ అడగమన్నదే అడుగు. చేతిలో ఏముంది అని అడుగు. బావని బెదిరించగలదు, మబ్బు పట్టిందని చెప్పగలదు, దీనికి మాత్రం జవాబు చెప్పడం దానివల్ల కాదు. గొంతుకి చేతులుండవు. అది నోరు మూసుకోగానే దాని నడుం విరగ్గొట్టు.

అడిగి, ఏమందో రాయి. తొందరగా.

తమ్ముడు


ఇల్లు. గది రాయను.

తమ్ముడూ,

పెన్సిల్‌తో రాస్తున్నాను. పెన్ను గీరుకుంటుంది, వినపడుతుందేమోనని. రాసింది దానికి తెలియడం లేదు, ఇది మాత్రం గట్టిగా తెలుసుకున్నాను. నీ ఉత్తరాలు ఒక్కసారి కూడా దాని మాటల్లో రాలేదు. పైకి చదివి ఉంటే వచ్చేవేమో.

అడిగాను. నువ్వు చెప్పినట్టే దాని ముందు నిలబడి, చిన్నప్పటిలాగే, చేతిలో ఏముంది అన్నాను. చాలాసేపు గరగర. నువ్వే నెగ్గావనుకున్నాను. నవ్వబోయాను.

"నీ చెయ్యి" అంది.

కిందికి చూస్తే నా చెయ్యి మెషిన్ మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలీదు. తీద్దామంటే వెంటనే రాలేదు.

బావ వచ్చాడు. ఫోన్ కాదు, మనిషే. మెట్ల మీద చెప్పుల చప్పుడు పోల్చుకున్నాను. తలుపు మీద అరచేత్తో బాదాడు. ఫోన్ మోగలేదు, నేనేమీ నొక్కలేదు, ఆ ముందు గదిలోంచి నీ గొంతు తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళింది అనే రాస్తున్నాను, నడిచినట్టే ఉంది. తలుపు దగ్గర ఏదో అంది, నాకు వినపడలేదు, వాడికే. వాడు ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగడం కిటికీలోంచి చూశాను. ఇక రాడు. వాడి మొహం చూశాక నాకు ఆ భయం లేదు.

కానీ మర్నాడు ల్యాబ్‌కి బయల్దేరి గడియ మీద చెయ్యి వెయ్యగానే ఫోన్ మోగింది. ఎత్తాను. "ఎక్కడికి?" అంది. పనికెళ్తున్నానురా అన్నాను. "ఇవాళొద్దు. బయట బాగోలేదు. నీ మంచికే" అంది.

ఆ రోజు ఆగిపోయాను. తర్వాతి రోజూ అంతే. ఇప్పుడు గంట గంటకీ మోగుతోంది. ఎత్తడం ఆలస్యమైతే ఎత్తకుండానే మాట్లాడుతుంది. ల్యాబ్‌లో నా బల్ల ఎవరికో ఇచ్చేసి ఉంటారు.

నువ్వు అడుగుతావు, గడియ ఎందుకు తియ్యవు అని. బయట తాళం లేదు. గడియ నా చేతికి అందేలానే ఉంది. బావైతే కడుపులో తిట్టుకుంటూ దారి వెతుక్కున్నాను, వాడి మీద కోపమే నన్ను బయటికి లాక్కొచ్చింది. ఇది నీ గొంతురా. నన్ను ఆ ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాడి గొంతు. అది వద్దంటే నా కాలు పడటం లేదు.

నువ్వొచ్చినా తియ్యొద్దంటోంది. "బయట ఒకడు నేనే అంటాడు. వాడికి గొంతు కూడా ఉండదు. నీ తమ్ముణ్ణి నేను" అంటోంది.

నిజం చెప్పు. ఈ ఉత్తరాలు రాస్తున్నది నువ్వేనా?

పిన్నిగారు కూరల కోసం తాడు కట్టి దింపే బుట్ట మన కిటికీ ముందు నుంచే పైకెళ్తుంది. ఇది అందులో వేస్తాను. చూసి టపాలో వేస్తారు, మంచావిడ. నీ జవాబు కూడా ఆవిడ పేరునే పంపు, బుట్టలో దింపుతారు.

మోగుతోంది


లాడ్జింగు గది, తలుపు మూసుకుని
సోమవారం

ఇది పైకి చదవకు. పెదాలు కూడా కదపకు. కళ్ళతో చదువు.

మళ్ళీ నా గొంతుతో నేను అనని మాట అన్నది. గంట గంటకీ ఫోన్ చేసి ఎక్కడికి అని అడిగేవాడు నీ తమ్ముడు కాదు. నీ మంచికే అనేవాడు నీ తమ్ముడు కాదు. నేను పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఎక్కడికి అని అడగలేదు, నీ మంచికే అని ఒక్క ముక్క అనలేదు. నీ మంచి నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా నువ్వు ఏడుస్తున్నావని, ఆ ఇంటి తాళం పగలగొట్టాలని. పగలగొట్టాను. అంతే నేను చేసింది. ఇది నా గొంతు తొడుక్కున్న బావ. వాణ్ణి మెట్లు దింపింది మంచికి కాదు, వాడి చోటు తీసుకోవడానికి.

రాస్తున్నది నేనేనా అని అడిగావు. నీకా హక్కుంది. అడిగినందుకు సంతోషంగా ఉంది, అమ్మ పెంపకం ఇంకా ఉంది నీలో. జవాబు చివర్లో చెప్తాను.

ముందు ఇది విను. ఈ పొద్దున కాంటీన్ ఫోన్ మోగింది. వెల్డరు ఎత్తి, "నీకే, మీ అక్క" అన్నాడు. నువ్వెప్పుడూ ఇక్కడికి చెయ్యలేదు, నీ దగ్గర ఈ నంబరే లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. నీ గొంతు. "నేను బాగానే ఉన్నానురా పిడుగూ. నువ్వు రావద్దు. మేం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం" అన్నావు.

మధ్యలో దగ్గావు. నా దగ్గు అక్కా అది. మన వంటింట్లో నిలబడి నేను దగ్గిన దగ్గు, నీ గొంతు మధ్యలో.

అర్థమైందా? నాది మొత్తం ఎక్కించుకుంది. ఇప్పుడు నీది మొదలుపెట్టింది. పూర్తయ్యాక ఎవరు ఫోన్ చేసినా మనిద్దరం హాయిగా మాట్లాడతాం. పైనున్న పిన్నిగారికి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అక్కాతమ్ముళ్ళు ఎంత కలిసిమెలిసి ఉన్నారో అనుకుంటారు. ఎవరూ తలుపు కొట్టరు.

అందుకని ఇలా చెయ్యి. "నీ చెయ్యి" అని అది చెప్పింది చూడు, దానికి భయపడ్డావు. భయపడకు, దాని గుట్టంతా అక్కడే బయటపెట్టుకుంది. దానికున్నవి నీ చేతులే. గడియ పెట్టి ఉంచుతున్నది నీ చెయ్యి. మోగగానే ఎత్తుతున్నది నీ చెయ్యి. అది ఎంత వాగినా గడియ మీదికి ఒక్క వేలు చాపలేదు. చాపగలిగితే నీతో ఇంత మాట్లాడే పనేముంది?

గోడలో ప్లగ్గు పీకు. మూత ఎత్తి ఎడమవైపు క్యాసెట్, మన మాటది, బయటికి లాగు. నా గొంతుతో ఏడుస్తుంది, బతిమాలుతుంది. చెప్పుకోనీ. టేపంతా లాగి బంతిలా నలిపి పిన్నిగారి బుట్టలో వెయ్యి. నాకు పంపిస్తారు. ఇక్కడ కొలిమి ఉంది, మిగతాది నేను చూసుకుంటాను. దాంతో పాటు నా గొంతు కూడా పోతే పోనీ. నాకు సైగలు వచ్చేశాయి. నువ్వు ఆ తలుపు దాటి నీ బల్ల దగ్గరికెళ్ళి ఎవరి నోరో మైనంలో చెక్కుకుంటుంటే చాలు, దానికి నేను ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు.

అది చెయ్యలేకపోతే నేనొస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం. మేస్త్రీ సెలవివ్వలేదు, నేను అడగనూ లేదు. తలుపు మీద కొడతాను. లోపల్నుంచి అది నేనే నీ తమ్ముణ్ణి అంటుంది, బయటివాడు దొంగ అంటుంది. నేను ఒక్క ముక్క కూడా కాదనలేను. నువ్వు ఎవరది అని అడక్కు. అమ్మ చెప్పిందే అడుగు. నేను చెప్పలేను కాబట్టి, నా చేతిలో ఉన్నది తలుపు కింద నుంచి లోపలికి తోస్తాను. కుడిచేతి గ్లవ్. నాలుగు వేళ్ళూ చిరిగిపోయాయి, ఎర్రదారంతో నువ్వు కుట్టిన బొటనవేలు ఉంది. ఆ కుట్టు చేత్తో తడిమి చూసుకో. మధ్యలో దారం తెగితే ముడి వేసి మళ్ళీ మొదలుపెట్టావు, ఆ ముడి లోపలివైపు ఉంది, రోజూ నా వేలికి తగులుతుంది. అది పోల్చుకుంటే గడియ తియ్యి. రాస్తున్నది నేనేనా అన్నదానికి నా జవాబు అదే.

నేను ఫోన్ చెయ్యను. ఇకమీదట నేను ఫోన్ చేశానని ఏ గొంతు చెప్పినా అది నేను కాదు. నా దగ్గర గొంతు లేదు.

శనివారం టపాలో నీ జవాబు నా చేతికి రావాలి. నీ చేతిరాతతో, పెన్సిల్‌తో. ఎలా ఉన్నావో రాయకు, ఏమందో రాయకు. నీ చేతిలో ఏముందో ఒక్క ముక్క రాయి. క్యాసెట్ అని రాశావా, ఆదివారం తీరిగ్గా వస్తాను, నువ్వు వీధి చివర నిలబడి ఉండు. ఇంకేది రాసినా, అసలు రాయకపోయినా, ఆదివారం తలుపు కింద చూస్తూ కూర్చో.

శనివారం. దాటనివ్వకు.